గూడుబండిలో రెండో బల్ల

పెద్ద వరద పోయిన పదేళ్లకు కృష్ణ మళ్లీ పొంగిన యేడు అది. జూరాల గేట్లు ఎత్తారు, బీచుపల్లి మెట్లు మునిగాయి. నీళ్లు తీసినాక ఒడ్డు పొలాల మీద ఒండ్రు పరుచుకుంది. దాని మీద గడ్డి మోకాలెత్తు లేచింది. గొర్రెలకు అంత మంచి యేడు నేను చూడలేదు. ఆ యేడే మా బావ అనంతయ్య గూడుబండి కొన్నాడు. ఆ యేడే నా నిద్ర పాడైంది.

మాది గద్వాల అవతల గట్టు అనే ఊరి పక్కన పల్లె. కురుమలం, గొర్రెలే మా బతుకు. అనంతయ్య మా అక్క జోగులమ్మ భర్త. వాళ్ల పెళ్లైన చలికాలం నేను మూడో తరగతిలో ఉన్నాను. బావ బడి వాకిట్లో నిలబడి, "మాసిగా, గొర్రెలెంట వస్తవా?" అన్నాడు. పలక అక్కడే పెట్టి లేచి వెళ్లాను. మళ్లీ బడి ముఖం చూడలేదు. దానికి నాకు విచారం లేదు.

అప్పటి నుంచి ప్రతి చలికాలం మేమిద్దరమే. వరి కోతలు కాగానే మందను తోలుకుని మెట్ట దిగుతాం. మల్దకల్ మీదుగా ఏటి ఒడ్డుకు, బీచుపల్లి వంతెన దాటి వనపర్తి వైపుకు, అక్కడి నుంచి నాగర్‌కర్నూల్ చెరువుల కిందికి. రైతులు తమ మళ్లలో మంద పెట్టించుకుంటారు. రాత్రి గొర్రెలు మడిలో పడుకుంటే మట్టికి బలం. అందుకు మాకు వడ్లో జొన్నలో కొలుస్తారు. గొర్రెల చుట్టూ వల కట్టి, వల వాకిట్లో మేము పడుకుంటాం. కింద గడ్డి, మీద గొంగడి, వీపుకు వీపు. చలికి మాకు తెలిసిన మందు అదే. నేను ఎక్కువ మాట్లాడే మనిషిని కాను. ఆయనా అంతే. ఆయన వీపు కదిలితే నాకు మెలకువ వచ్చేది. నక్క వచ్చిందా, వాన పడేట్టుందా, అంతా ఆ వీపే చెప్పేది.

పొద్దున వల తీయడానికి కూడా ఇద్దరం ఉండాలి. వాకిలికి అటొకరు ఇటొకరు నిలబడి, గొర్రెలు బయటికి పోతుంటే ఎవరి లెక్క వాళ్లు పెట్టుకుంటాం. ఆఖరి గొర్రె దాటినాక "నాది ఒచ్చింది" అని ఆయన, "నాది ఒచ్చింది" అని నేను. రెండు లెక్కలు కలిస్తేనే మంద కదలాలి. ఒక్కడు వల తీయడమనేది మా దగ్గర లేదు.

ముందటి చలికాలంలో బావకు దగ్గు పట్టుకుంది. ఎండాకాలం వచ్చినా పోలేదు. దవాఖానలో డాక్టరు, ఇక మంచులో పడుకోవద్దని గట్టిగా చెప్పాడు. కొడుకు శివ మందను అమ్మేయమన్నాడు.  బావ రెండు దినాలు అన్నం సరిగా తినలేదు, అంతే. నేనూ తినలేదు. మంద పోతే ఆయనకు గొర్రెలు పోతాయి. నాకు ఆయన పోతాడు.

గద్వాలలో షాకీర్ అని పాత బండ్లు అమ్మే అతను ఉన్నాడు. పొట్టేళ్లను సంతకు తెచ్చే ట్రాలీ బండి కోసం అప్పుడప్పుడు అతని దగ్గరికి వెళ్లేవాళ్లం. ఆ రోజు అతని దొడ్లో ఒక వింత బండి ఉంది. చిన్న ట్రాలీ ఆటో, దాని వెనుక మూత పెట్టిన రేకు డబ్బా.

"గిదేంది షాకీర్ భాయ్? ఐస్‌క్రీం బండా?" అన్నాడు బావ.

"జర ఆగు కాకా, తమాషా సూపిస్త."

షాకీర్ రెండు కొక్కేలు తీసి, లోపలికి దూరి భుజంతో పైకి తోశాడు. డబ్బా మూత గొడుగు లేచినట్టు లేచింది. మూతకూ డబ్బాకూ మధ్య నాలుగు పక్కలా మందపు గుడ్డ గోడలు విచ్చుకున్నాయి. మనిషి నిలబడేంత ఎత్తు వచ్చింది. హైదరాబాదులో ఎవరో కొత్త దంపతులు మంచు కొండలకు పోయి అందులోనే పడుకోవాలని కట్టించుకున్నారట.

"మరి ఎందుకమ్మిన్రు?"

"పోయొచ్చినంక ఇద్దరికీ పడలేదంట కాకా. ఇగ ఇందుల సంసారం మీరే జెయ్యాలె," అని నవ్వాడు షాకీర్.

లోపలికి ఎక్కి చూశాం. నడుమ సన్నటి దారి. అటొక బల్ల, ఇటొక బల్ల, మనిషి పడుకునేంత పొడవు. బావ ఎడమ బల్ల మీద కూర్చుని ఊగి చూశాడు. నేను కుడి బల్ల మీద చెయ్యి వేసి నొక్కాను.

"గట్టిగున్నది," అన్నాను.

"గట్టిగనే ఉన్నది," అన్నాడు బావ.

ఆ రెండో బల్ల నాదేనా అని నేను అడగలేదు. నీదే అని ఆయన చెప్పలేదు. మా మధ్య అడగడాలు చెప్పడాలు ఎన్నడూ లేవు. పొట్టేళ్లను అమ్మి బండి తీసుకున్నాడు. ఇంజను సంగతి అడిగితే షాకీర్ దాచలేదు. "గట్టు దాంక ఎక్కుతది కాకా. దిగుడంటవా, దానంతటదే దిగుతది. దిగినంక మాత్రం ట్రాక్టరుకు గట్టుకోవాలె."

ఊళ్లోకి రాగానే జనం దానికి గూడుబండి అని పేరు పెట్టారు. మా తాతల నాటి గూడుబండికి ఎద్దులుండేవి, దీనికి లేవు, అంతే తేడా.

దసరా పోయి చలి మొదలయ్యేలోపు దాన్ని బాగు చేయాలి. పని అంతా నేనే నెత్తిన వేసుకున్నాను. ఎందుకు వేసుకోను? నేను పడుకోబోయే గూడు. కింద అట్ట లాంటి చెక్క నాని మెత్తబడింది. దాన్ని పీకేసి వేప పలకలు కొట్టాను. మూతను నిలబెట్టే ఇనుప చేతుల్లో ఒకటి జారిపోతోంది. దానికి సరిగ్గా కొలిచి తుమ్మ కర్ర ఒకటి చెక్కాను. మూత లేపి ఆ కర్ర పెడితే ఏనుగు ఎక్కినా దిగదు. గుడ్డ మడతల దగ్గర చిరిగిన చోటల్లా లోపలొక అతుకు, బయటొక అతుకు వేసి, గొంగళ్లు కుట్టే దబ్బనంతో ఊలుదారం కుట్టాను.

గుడ్డ గోడకు పైన, అటు ఇటు, దోమతెర లాంటి చిన్న కిటికీలు రెండు ఉన్నాయి. బావ వాటిని చూసి నోరు తెరిచాడు.

"ఏం మనుషుల్రా! చలిలకు పోతూ కిటికీలు పెట్టుకున్నరు."

"అందుకే పడలేదేమో ఇద్దరికీ," అన్నాను.

వాటినీ కుట్టేశాను, రెండు వరసలు. తలుపు సందుల్లో ఊలు కుక్కాను. లోపల గోడల చుట్టూ గొంగళ్లు వేలాడదీసి కుట్టాలని అనుకున్నాం. మా నేతగాళ్ల దగ్గర కొత్త గొంగళ్లు తెచ్చాం. చింతగింజల గంజి పెట్టి ఆరేసినవి, రేకులా బిరుసుగా ఉన్నాయి. ఎడమ బల్ల వైపూ, తలల వైపు గోడకూ కొత్తవి కుట్టాను. కుడి బల్ల వైపు మాత్రం మా నాయన గొంగడి తెచ్చి కుట్టాను. అది ముప్పై వానలు తడిసి, ముప్పై ఎండలు కాగి, పిల్లి వీపులా మెత్తబడింది. దాని వెనుక ఇంకో పాత గొంగడి కూడా వేశాను. ఒక పక్క ఒక పొర, ఒక పక్క రెండు పొరలు. బావ చూశాడు. కుడి బల్ల తలవైపు నా టార్చిలైటు తగిలించుకోవడానికి ఒక మేకు కూడా కొట్టాను.

షాకీర్ ఒక్కటే మాట గట్టిగా చెప్పి పంపాడు. "ఏమన్న జెయ్యండి గని, లోపల బొగ్గుల కుంపటి పెట్టొద్దు. దాని గాలి కండ్లకు కనవడదు, పానం దీస్తది." అందుకని రాళ్లు పొయ్యి దగ్గర కాచి, గోనె సంచిలో చుట్టి కాళ్ల దగ్గర పెట్టుకోవాలని అనుకున్నాం. నున్నటి రాళ్లు ఏరి తెచ్చాను. రెండు. ఆయన కాళ్లకు ఒకటి, నా కాళ్లకు ఒకటి.

బయలుదేరే పొద్దు మందను ఊరి బయటికి తోలి, బండి దగ్గరికి వచ్చాను. మా అక్క జోగులమ్మ చేతిలో మూట, చంకలో చిన్న బిందె, కాళ్లకు కొత్త చెప్పులు వేసుకుని నిలబడి ఉంది.

"ఏడికక్కా?" అన్నాను.

"ఏడికేంది? మందకు."

"మందకా?"

"ఏం, నేనొస్తే గొర్లు బెదురుతయా?"

నేను బావ వైపు చూశాను. ఆయన బండి చక్రం వైపు చూస్తున్నాడు.

"వస్తనంటుంది," అన్నాడు చక్రంతో.

"ఆడోళ్లు మంద కాడ ఎన్నడన్న ఉన్నరా?"

"ఎన్నడన్న తలుపున్నదా?" అంది అక్క. "ఇప్పుడున్నది. జర జరుగు."

నన్ను దాటుకుని ఎక్కింది. కుడి బల్ల మీద మూట పెట్టింది. గోడకు చెయ్యి ఆనించి, "అబ్బ, ఎంత మెత్తగున్నదిరా! నాయిన గొంగడి గద? నాకోసం గింత పని జేసినవా తమ్మీ," అంది. ఆమె ముఖంలో నిజంగానే సంతోషం ఉంది. నేను కర్ర పట్టుకుని గొర్రెల వైపు నడిచాను.

ఏటి ఒడ్డున జయపాల్ అనే రైతు మళ్లలో మొదటి మంద పెట్టాం. అక్కడి నుంచి బీచుపల్లి వంతెన మీద లారీల దీపాలు కనిపిస్తాయి. జయపాల్ ట్రాక్టరు గూడుబండిని లాక్కొచ్చి వల పక్కన నిలిపింది. ఆయన బండి చుట్టూ తిరిగి చూసి, గడ్డి పరుచుకుంటున్న నా దగ్గరికి వచ్చాడు.

"ఏం మాసయ్యా, మీ బావ బంగ్లా గట్టిండు, నిన్ను వాచ్‌మన్ పెట్టుకున్నడా?"

నేను గడ్డి పరుస్తూనే ఉన్నాను. అది నా జవాబు.

ఆ చలికాలం ఒండ్రు మీద మంచు దట్టంగా దిగేది. వీపు వెనుక ఎవరూ లేకుండా పడుకోవడం నాకు తెలియదు. ఒక గొంగడి కిందేసుకున్నా, ఒకటి చుట్టుకున్నా, ఒకటి మీద వేసుకున్నా, వీపు మాత్రం వేడెక్కలేదు. గూడుబండిలో నుంచి మాటలు వినిపించేవి. బావ మాట్లాడుతున్నాడు! ఇన్నేళ్లలో నా దగ్గర అన్ని మాటలు మాట్లాడని మనిషి, పొద్దుగూకితే చాలు, లోపల ఏదో చెబుతూనే ఉండేవాడు. ఏ పొట్టేలు దేన్ని కుమ్మింది, జయపాల్ మిరప తోటకు ఏం తెగులు వచ్చింది. అక్క నవ్వేది. ఆ పొట్టేలు కుమ్మినప్పుడు పక్కన ఉన్నది నేను. నన్ను చూసి ఆయన నవ్వలేదు, నేనూ నవ్వలేదు. మరి అందులో నవ్వేదేమున్నది?

పొద్దున టీ ఆమె పెట్టేది. అంతకుముందు ఎవరు ముందు లేస్తే వాళ్లు పెట్టేవాళ్లం. నేను ఏరిన రాళ్లు రెండూ లోపలికే పోయాయి. నా టార్చి కోసం కొట్టిన మేకుకు ఆమె దువ్వెన వేలాడుతోంది. తలుపు తీసినప్పుడల్లా అది కనిపించేది. కరియ అని మాకు కుక్క ఒకటుంది. గట్టు అవతల కన్నడపోళ్ల దగ్గర పిల్లగా ఉన్నప్పుడు తెచ్చాను, నా చేతి ముద్దలు తిని పెరిగింది. అది కూడా నన్ను వదిలి గూడుబండి కింద చేరింది. పైన రాళ్లు కాగి ఉంటే కింద పలకలు వెచ్చగా ఉంటాయి కదా. కుక్కకు తెలివి ఎక్కువ.

"కరియను పిలిచి నీ పక్కన పండవెట్టుకోరాదు?" అన్నాడు బావ ఒక రోజు.

"దానికి బంగ్లా అలవాటైంది," అన్నాను.

ఆయన నా ముఖం చూశాడు. దగ్గు వచ్చి అటు తిరిగాడు.

కొన్ని దినాలకు గూడుబండిలో నీళ్లు పడటం మొదలైంది. వాన లేదు. పొద్దున లేచేసరికి మూత రేకు లోపలి వైపు చుక్కలు చుక్కలుగా నిండేది. ఆ చుక్కలు గొంగళ్ల మీద కారి, చింతగింజల గంజి కరిగి, ఆ గంజి కింద పడుకున్న వాళ్ల మీద పడేది. ఒక పొద్దున అక్క జుట్టు జిగురు జిగురుగా అంటుకుని బయటికి వచ్చింది.

"ఓ శివ నాయినా! నా నెత్తిల గంజి పోసినవా ఏంది?"

"నేనెందుకు పోస్త? గొంగడి పోసింది."

నేను వల దగ్గర నిలబడి విన్నాను. నిజం చెప్పాలంటే నాకు ఆ పొద్దు టీ చాలా రుచిగా అనిపించింది.

మంచు లోపలికి దిగుతోందని బావ తేల్చాడు. నాకూ అదే అనిపించింది. కుట్లు వదులయ్యాయేమోనని మళ్లీ కుట్టాను. మూత మీద జయపాల్ ఇచ్చిన ప్లాస్టిక్ పరదా కప్పి తాళ్లతో బిగించాం. తలుపు సందులో ఇంకా ఊలు కుక్కాం. ఎంత బిగిస్తే అంత ఎక్కువ నీళ్లు. పరుపు తడి, గోనె తడి. బావ దగ్గు పెరిగింది. పడుకునే ముందు మొదలై తెల్లవారే దాకా ఆగేది కాదు. అది విన్నప్పటి నుంచి టీ రుచి పోయింది.

"రేపు శివకు ఫోన్ జేస్త," అంది అక్క. "ఇంటికి తోల్కపోనీ. మందను అమ్మేస్తే అమ్మేయనీ."

బావ పొయ్యిలో పుల్ల కదిలించాడు. "నువ్వేమంటవ్‌రా మాసయ్యా?" అన్నాడు. ఎన్నడూ అడగని మనిషి అడిగాడు.

 ఆయన ఇంటికి పోవాలని నాకు లేదు. ఆమె ఆ బల్ల మీద ఉండాలని లేదు. ఈ రెండిట్లో ఏది ముందు చెప్పాలో తెలియలేదు.

మర్నాడు పొద్దున గొర్రెపిల్లల దగ్గరికి వెళ్లాను. చలిలో పుట్టిన పిల్లలను పెద్ద వెదురు గంప బోర్లించి దాని కింద పెడతాం. చలి ఎక్కువుంటే గంప మీద గొంగడి వేస్తాం, పైన కొప్పు దగ్గర చేతి వెడల్పు సందు మాత్రం వదిలేస్తాం. ఆ పొద్దున చూస్తే గంపను పైనుంచి కింది దాకా మిగిలిన ప్లాస్టిక్ పరదా ముక్కతో కప్పి, చుట్టూ రాళ్లు పెట్టి ఉంది. ఎత్తి చూశాను. పిల్లలు నీళ్లలో ముంచి తీసినట్టు తడిసి ఉన్నాయి. ఒకటి తుమ్ముతోంది.

నా కోపానికి ఒక్కసారిగా దారి దొరికింది.

"ఎవరిది గీ పని?" అని అరిచాను. నేను అరవడం గొర్రెలు కూడా ఎన్నడూ విని ఎరగవు. అన్నీ తల ఎత్తి చూశాయి.

అక్క పరుగెత్తుకొచ్చింది. "నేనే కప్పిన. చలికి వణుకుతున్నయని."

"చలికి సావవక్కా, గిట్ల జేస్తే సస్తయ్! వాటి ఊపిరే నీళ్లయితది! పైన సందు ఇయ్యకుంటే ఊపిరి యాడికి పోవాలె? మంద కాడికొచ్చెటోళ్లకు గింత తెల్వదా? బంగ్లాల పండుకునుడు తెలుసు గని..."

అక్కడ ఆగిపోయాను. అక్క కూడా నన్ను చూడటం లేదు. ఇద్దరం గూడుబండినే చూస్తున్నాం. పైనుంచి కింది దాకా ప్లాస్టిక్ పరదా. చుట్టూ తాళ్లు. కిటికీలకు నేను వేసిన రెండు వరసల కుట్లు.

"ఓరి మాసీ," అంది అక్క మెల్లగా. "మేము గూడ గంప కిందనే ఉన్నట్టున్నం."

నేను కత్తి తీసుకుని ఎక్కాను. పరదా లాగి పారేశాను. నేను కుట్టిన కుట్లు నేనే కోశాను, అటు కిటికీ, ఇటు కిటికీ. లోపలున్న గాలి నా ముఖానికి తగిలింది. చద్ది గంజి వాసన, తడి ఊలు వాసన, మనుషుల వాసన. బావ దుప్పట్లో నుంచి తల ఎత్తాడు.

"ఏం జేస్తున్నవ్‌రా?"

"కొప్పు కాడ సందు ఇడుస్తున్న."

ఆయన పైన తెరుచుకున్న కిటికీలు చూశాడు. "ఆ మొగుడు పెండ్లాలకు తెలివున్నట్టే," అన్నాడు.

మధ్యాహ్నం బావ మందు వేసుకుని ఎండలో కునుకు తీస్తున్నాడు. నేనూ అక్కా గొంగళ్లన్నీ విప్పి తుమ్మ కంప మీద ఆరేశాం. నాయన గొంగడి చెరో కొస పట్టుకుని పిండుతున్నాం.

"ఇది నీ కోసమే కుట్టుకున్నవ్ గదా?" అంది అక్క.

నేను పిండుతూ ఉన్నాను.

"నాకెర్కలేదనుకున్నవా? నీ మూతి సూస్తే గొర్రెకు గూడ ఎర్కయితది. తొలుత నాకు తెల్వలే. మేకు సూసినంక తెలిసింది. దువ్వెనకు గంత పెద్ద మేకెవరు గొడతరు?"

"ఉండనీ," అన్నాను.

"ఉండనియ్యను. ఇను. నా పెండ్లయిన చలికాలం నాడే నిన్ను ఎంటదీస్కపోయిండు. కొత్త పెండ్లికూతురు నేను ఇంట్ల, నువ్వు నా మొగుని ఈపుకు. నీ మీద నాకు ఎంత మంటుండెనో ఎర్కేనా? మీకు సద్ది గట్టేటప్పుడు ఆయన రొట్టెలకు మంచి కారం, నీ రొట్టెలకు పచ్చి మిరపగాయల కారం గట్టెటిదాన్ని."

నేను గొంగడి కొస వదిలేశాను. ఆ రోజుల్లో నా సద్ది నోరు మండిపోయేది నిజమే. అక్క చెయ్యి కారమని అనుకునేవాణ్ని. బావ, "మా ఇంటిది జర కారం జాస్తి ఏస్తదిరా," అని నీళ్లు అందించేవాడు. ఆయన సద్ది ఎట్లా ఉండేదో నేను ఎన్నడూ అడగలేదు.

"ఎన్నేండ్లు?" అన్నాను.

"నీ పెండ్లయ్యేదాంక. నర్సమ్మ వచ్చినంక మాన్పిచ్చింది. 'పోనీ వదినె, మనకు మనమున్నం గదా' అన్నది."

నర్సమ్మ నా భార్య. అప్పటికి చనిపోయి కొన్నేళ్లయింది. అక్క కింద పడిన కొస తీసి నా చేతిలో పెట్టింది.

"చలికాలమొస్తే నేను, నర్సమ్మ ఒక్క గొంగడిల పండుకునేది. మీరు ఆడ ఈపుకు ఈపు, మేము ఈడ ఈపుకు ఈపు. మీకెవరు జెప్పలే. జెప్పుడెందుకు? అది పోయినంక నాకు ఆ పక్క సల్లగుంటది తమ్మీ. చెయ్యేస్తే గోడ తగుల్తది. నేను నీ జాగ గుంజుకుందామని రాలే. నా జాగల ఎవరూ లేరని వచ్చిన."

ఏటి వైపు నుంచి గాలి వస్తోంది. గొంగడి నుంచి ఇంకా నీళ్లు కారుతున్నాయి. మా ఇంట్లో చలికాలం ఎట్లా ఉండేదో నాకు తెలియదు. ఉగాదికి తిరిగి వెళ్లేసరికి ఎండలు వచ్చేవి. నర్సమ్మ చలిలో ఎట్లా పడుకునేదో నేను చూడనే లేదు.

"ఇయ్యాల నువ్వు పండుకో బల్ల మీద," అంది అక్క. "నేను గడ్డిల పండుకుంట. నాకూ మంద ఎట్లుంటదో తెల్వాలె గదా."

వద్దనాలి. అనలేదు. నాకు కావాలనే ఉంది.

గొంగళ్లు ఆరినాక మళ్లీ కట్టాం. కిటికీలు తెరిచే ఉంచాం. పొద్దుగూకి, అన్నాలు తిని, బావ దగ్గు మందు తాగి ముందే ఎక్కాడు. రాయి కాచి ఆయన కాళ్ల దగ్గర పెట్టి వచ్చాను. ఇంకోటి నా కోసం పట్టుకుని ఎక్కాను. లోపల చీకటి. కుడి బల్ల మీద ఒరిగాను. నాయన గొంగడి భుజానికి తగిలింది. పైన కిటికీలో నుంచి సన్నటి గాలి వస్తూ పోతూ ఉంది. ఎక్కడా తడి లేదు. బల్ల నేను అనుకున్నట్టే ఉంది, నా ఒళ్లు కొలిచి చేసినట్టే ఉంది. ఇన్ని దినాలు నేను బయట పడుకుని ఊహించుకున్న దానికంటే వెచ్చగా ఉంది.

బల్ల కిర్రుమన్నట్టుంది. బావ మగతలో గోడ వైపు తిరిగి ఉన్నాడు.

"జోగీ," అన్నాడు. "కాళ్లు సల్లగున్నయా?"

నేను కదల్లేదు.

"నా రాయి గూడ నువ్వే వెట్టుకో. నాకు వద్దు. నీకు చిన్నప్పటి సంది కాళ్లు సల్లనే."

మా అక్క కాళ్లు చల్లగా ఉంటాయని నాకు తెలియదు. ఆమె చేతి కింద పెరిగాను, నాకు తెలియదు. ఇన్ని చలికాలాలు ఆయన వీపుకు వీపు ఆనించి పడుకున్నాను. నా కాళ్లు చల్లగా ఉన్నాయా అని ఆయన ఒక్కనాడు అడగలేదు. నేనూ అడగలేదు. మా ఇద్దరికీ వీపులే తెలుసు. అక్క కట్టిన ఆ పచ్చి మిరపకాయల కారం నోట్లో మళ్లీ మండినట్టయింది. కాసేపటికి తగ్గింది. పూర్తిగా తగ్గలేదు.

నా రాయి కూడా ఆయన బల్ల చివర, చెయ్యి తగిలేటట్టు పెట్టి, మెల్లగా దిగాను. అక్క పొయ్యి పక్కన గడ్డిలో ముడుచుకుని కూర్చుని ఉంది. పాదాలు రెండూ కొంగులో చుట్టుకుని ఉంది.

"ఏంది, అప్పుడే దిగినవ్?"

"ఇరుకున్నది," అన్నాను.

"నీ ఒళ్లు గొలిచి చేసుకున్నవ్ గదరా!"

"ఒళ్లు పెరిగింది. పో అక్కా, పోయి పండుకో. బావ రాయి ఇస్తనంటుండు."

ఆమె నన్ను కిందికీ మీదికీ చూసింది. పోతూ పోతూ తన మీది గొంగడి తీసి నా మీద వేసింది. గూడుబండి తలుపు మూసుకుంది. కాసేపటికి లోపల మాటలు మొదలయ్యాయి. ఈసారి కిటికీలు తెరిచి ఉన్నాయి కాబట్టి ప్రతి మాటా వినిపించింది. నేను గొంగడి చెవుల మీదికి లాక్కున్నాను.

మర్నాడు తెల్లగా మంచు కమ్మి ఉండగానే లేచాను. గూడుబండి తలుపు మూసే ఉంది. బావ దగ్గు వినిపించలేదు. గురక వినిపించింది. పైన కిటికీ దగ్గర వాళ్ల ఊపిరి సన్నటి పొగలాగా బయటికి పోతోంది. నేను వల వాకిట్లోకి వెళ్లి ముడి విప్పాను. నా వైపు నేను నిలబడ్డాను. బావ నిలబడే చోట నా కర్ర గుచ్చాను, గొర్రెలు అటు జరిగిపోకుండా. ఒక్కొక్కటే దాటాయి. నా లెక్క నేను పెట్టుకున్నాను. ఆఖరి గొర్రె దాటినాక "నాది ఒచ్చింది" అన్నాను, నాకు మాత్రమే వినిపించేటట్టు. కర్ర పీకి తీసుకున్నాను. గూడుబండి కింద కరియ తల ఎత్తి నన్ను చూసింది, మళ్లీ కాళ్ల మీద తల పెట్టుకుంది. నేను పిలవలేదు. మందను ఏటి వైపు తోలాను.